బుచ్చిరెడ్డిపాలెంలో ఒక సున్న తక్కువ

నెల్లూరు ట్రంకు రోడ్డులో మేడ మీద ఒక చిన్న కంప్యూటర్ల కొట్టు ఉంది. కింద నుంచి చూస్తే బోర్డు కూడా కనిపించదు. అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను.

స్టోన్‌హౌస్‌పేటలో మాది బియ్యం కొట్టు. పొరుగూళ్ళవాళ్ళు మొలగొలుకుల బియ్యం అడుగుతుంటే ఆర్డర్ల కోసం వెబ్‌సైటు పెట్టించాను. ఇంగ్లీషులో రాసినవి బాగానే వచ్చేవి. తెలుగులో రాస్తే మాత్రం నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ', పక్కన ఎక్కువగా డిగ్రీల సున్న, ఆపైన ఏదో ఒకటి, మళ్ళీ అదే వరస. పేరు ఉండాల్సిన చోట చీమల బారు! సైటు చేసినవాళ్ళకు చెబితే ఏదో మార్చారు. మర్నాటి నుంచి అన్నీ ప్రశ్నార్థకాలే. ఫోను నంబర్లు అంకెలు గనుక చెక్కుచెదరలేదు. వాటికి ఫోను చేసి "తమరెవరండీ?" అని అడగవలసి వచ్చింది. కావలి పెద్దాయన ఒకరు, "డబ్బులు కట్టించుకుని పేరు తెలియదంటావేమిటయ్యా?" అన్నారు.

ఈ కొట్టు కుర్రవాడు ముందు దేన్నీ ముట్టుకోలేదు. డేటా మొత్తానికి నకలు తీసి పక్కన పెట్టాడు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది. తరవాత, "అన్నా, చీమల బార్లు బతికే ఉన్నాయి. ప్రశ్నార్థకాలైనవి పోయినట్టే, వాటి మీద డబ్బు పెట్టకండి" అన్నాడు. ఆర్డరు ఫారం తెలుగుతో సహా అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్‌-8లోనే పంపుతోందట, ఆర్డర్లు దాచే డేటాబేస్ పట్టిక మాత్రం ఇంగ్లీషు, పశ్చిమ ఐరోపా అక్షరాలకే సరిపోయే పాత లాటిన్‌-1. తెలుగు సంకేతం (అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, సున్న, ఏదైనా) ఒక్కోదానికి యూటీఎఫ్-8లో మూడు బైట్లు. వాటిని మూడు వేరువేరు అక్షరాలుగా చదివితే చీమల బారు. సైటువాళ్ళు రెండోసారి సైటుకూ డేటాబేస్‌కూ మధ్య కనెక్షన్‌ను యూటీఎఫ్-8కు మార్చి పట్టికను వదిలేశారు. లాటిన్‌-1లో తెలుగుకు చోటే లేదు కాబట్టి ప్రతి సంకేతానికీ ఒక ప్రశ్నార్థకం పడింది. ఇప్పుడు అన్నీ యూటీఎఫ్-8కు పూర్తి రూపమైన యూటీఎఫ్‌8ఎంబీ4. మా డేటాబేస్ సాఫ్ట్‌వేరైన మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త యూటీఎఫ్‌8 పెడితే నాలుగు బైట్ల ఎమోజీలు పట్టవట. బియ్యం ఆర్డరులో ఎమోజీ ఎందుకని అడగకండి, పెడుతున్నారు.

చీమల బార్లన్నీ తెలుగయ్యాయి, ఒక్కటి తప్ప: "బుచ్చిరెడ్డిపాలె", ఆ పక్కన నల్లటి డైమండు గుర్తు. పాత పట్టికలో ఊరి పేరుకు పెట్టిన హద్దు 50 బైట్లు. పైకి ఆరక్షరాలే, లోపల 17 సంకేతాలు, 51 బైట్లు. అతను వేళ్ళు మడిచి లెక్క చూపించాడు. ఒక్క బైటు కోసం చివరి సున్న పోయింది! దాన్ని నేనే చేత్తో టైపు చేశాను.

తీసుకున్నది రూ.3,500. సోమవారం అన్నది గురువారం అయింది, మధ్యలో ఫోను ఎత్తలేదు, రసీదు అడిగితే నవ్వాడు. నక్షత్రం అందుకే తగ్గింది. వెళ్ళేవాళ్ళు సాయంత్రం అయిదు దాటాక వెళ్ళండి, పొద్దున తలుపు తీయడు.