కారు టైర్లకు గాలి ఎక్కడ మేలు: బంకులోనా, పంక్చర్ షాపులోనా, ఇంట్లోనా?

పెట్రోలు బంకులో గాలి ఉచితం. అది బంకు యజమాని మనకు చేసే ఉపకారం కాదు. తాగునీరు, మరుగుదొడ్డి, ప్రథమ చికిత్స పెట్టెతో పాటు టైర్లకు గాలి కూడా ఉచితంగా ఇవ్వాలని ఆయిల్ కంపెనీలు బంకులకు పెట్టిన నియమావళి, అంటే మార్కెటింగ్ డిసిప్లిన్ గైడ్‌లైన్స్‌లోనే ఉంది. అయినా మన ఊళ్లలో గాలి కోసం బంకుకి వెళ్లాలంటే టెన్షనే. ఒకచోట మెషిన్ ఉంటుంది, మనిషి ఉండడు. ఇంకోచోట మనిషి ఉంటాడు కానీ పైపు అవతలి వైపు టైర్లకు అందదు, కారు తిప్పి పెట్టమంటాడు. తిప్పేలోగా వెనక నుంచి హారన్లు. మరోచోట పెట్రోలు పంపులన్నీ నడుస్తూనే ఉంటాయి, గాలి మెషిన్‌కి మాత్రం "కరెంటు లేదు సార్" అంటారు. నెలల తరబడి "రిపేరులో ఉంది" అనే అట్టముక్క వేలాడే బంకులు మీకూ తెలిసే ఉంటాయి.

అందుకే చాలామంది విసిగిపోయి, బండి ఒక పక్కకు లాగుతోందని అనిపించేదాకా గాలి సంగతే పట్టించుకోరు. ఇది ప్రాణాల మీదికి వచ్చే వ్యవహారం కాబట్టి, మన ముందున్న దారులను గట్టిగా పోల్చి చూద్దాం.

ముందు కొలబద్ద ఏమిటో తేల్చుకోవాలి. ఎక్కడ తక్కువ ఖర్చు, ఎక్కడ తక్కువ సమయం అన్నవి తర్వాతి ప్రశ్నలు. నా దృష్టిలో మొదటి ప్రశ్న ఒక్కటే: టైరు చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ చెప్పిన అంకెకు గాలి సరిచేయగలుగుతున్నామా?

ఆ అంకె డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన స్తంభం మీద అంటించిన స్టిక్కర్‌లో ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపలి వైపు ఉంటుంది. మామూలు చిన్న కార్లకు సాధారణంగా 30 నుంచి 36 పీఎస్‌ఐ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం, వాడుకలో "పాయింటు" అనేది దీన్నే) మధ్య ఉంటుంది. ముందు టైర్లకు ఒకటి, వెనక టైర్లకు ఒకటి, నిండా మనుషులు, సామాను ఉంటే ఇంకొకటి రాసి ఉండొచ్చు. టైరు గోడ మీద అచ్చువేసిన పెద్ద అంకె ఇది కాదు. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం, దాన్ని చూసి గాలి నింపకూడదు.

స్టిక్కర్ మీది అంకె చల్లని టైరుకు చెప్పింది. చల్లని టైరంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా ఒకటిన్నర కిలోమీటరు మించి తిరిగి ఉండకూడదు. బంకు దగ్గర తలెత్తే అసలు చిక్కు ఇదే.

బంకు గాలి

ఇంటి నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు ట్రాఫిక్‌లో నడిపి బంకు చేరేసరికి టైరు వేడెక్కి, లోపలి పీడనం మూడు నాలుగు పీఎస్‌ఐ పెరిగి ఉంటుంది. స్టిక్కర్ 33 అంటుంది. పొద్దున ఇంటి దగ్గర 30 ఉన్న టైరు ఇక్కడ 33 చూపిస్తుంది. మెషిన్ "సరిపోయింది" అని కూత వేసి ఆగిపోతుంది. మీరు నిశ్చింతగా వెళ్లిపోతారు. మర్నాడు పొద్దున టైరు మళ్లీ 30కే వస్తుంది. అంటే శ్రమపడి వెళ్లి, వరుసలో నిలబడి, చేతిలో చిల్లర పెట్టి కూడా తక్కువ గాలితోనే ఇంటికి వచ్చారన్నమాట. మెషిన్ తప్పు లేదు, కుర్రాడి తప్పూ లేదు. వేడి టైరును చల్లని అంకెతో పోల్చడంలోనే తేడా ఉంది.

ఇంకా నష్టం చేసేది గాలి తీసేయడం. వేడి టైరు 36 చూపిస్తే "ఎక్కువుంది సార్, తగ్గిస్తా" అని మూడు పాయింట్లు వదిలేస్తారు. అస్సలు ఒప్పుకోకండి. వేడి మీద ఎక్కువ చూపించిన గాలిని అలాగే ఉంచి, మర్నాడు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి.

దీనికి తోడు "35 పెట్టెయ్యనా?" అనే ప్రశ్న. ముందున్న బండికి పెట్టిన 35నే మీ బండికీ పెట్టేస్తారు. హ్యాచ్‌బ్యాక్ అయినా, ఏడు సీట్ల బండి అయినా అదే అంకె. దిగి, "ముందు 33, వెనక 30" అని మీ స్టిక్కర్ ప్రకారం స్పష్టంగా చెప్పాలి. చెబితే వింటారు, చాలావరకు గౌరవంగానే వింటారు. ఎండలో రోజంతా వంగి లేస్తూ పనిచేసే మనిషికి పది రూపాయలు ఇవ్వడం నాకు ఇష్టమే. కానీ అది మన ఇష్టంగా ఉండాలి. డబ్బులు ఇవ్వరని తెలియగానే పైపు చుట్టేసే పద్ధతి మాత్రం సహించాల్సిన అవసరం లేదు.

బంకు గాలికి ఉన్న బలాలూ చెప్పాలి. కంప్రెసర్ పెద్దది, కాబట్టి నాలుగు టైర్లు నిమిషాల్లో అయిపోతాయి. అంకె సెట్ చేస్తే అక్కడే ఆగే డిజిటల్ మెషిన్లు చాలాచోట్ల వచ్చాయి. ఇంటికి దగ్గర్లో, అంటే ఒకటిన్నర కిలోమీటరు లోపు బంకు ఉండి, పొద్దున్నే వెళ్లగలిగితే ఈ పోటీలో మరో మాటే అక్కర్లేదు, బంకే మేలు. పొద్దున ఆరు, ఏడు గంటలకు వరుస కూడా ఉండదు.

పంక్చర్ షాపు గాలి

టైరుకు పదో ఇరవయ్యో తీసుకుంటారు. కంప్రెసర్ ఎప్పుడూ పనిచేస్తుంది, ఎందుకంటే అతని జీవనం దాని మీదే. పైపు అందకపోవడం, మనిషి లేకపోవడం లాంటి బాధలు ఉండవు. అన్నిటికన్నా ముఖ్యం, అతనికి టైరు తెలుసు. ఒక టైరే పదేపదే గాలి తగ్గుతోందంటే బంకు కుర్రాడు గాలి నింపి పంపిస్తాడు. పంక్చర్ షాపు అన్న సబ్బునీళ్లు చల్లి, వాల్వ్ పిన్ దగ్గర బుడగ వస్తోందా, రిమ్ము అంచున వస్తోందా, మేకు దిగిందా అని చూస్తాడు.

ఇబ్బందులు రెండు. ఒకటి గేజ్, అంటే టైరులో గాలి ఎంతుందో కొలిచే పరికరం. కొందరి దగ్గర పెన్ను ఆకారంలో ఉండే పాత గేజ్ ఉంటుంది, అది ఎన్నిసార్లు కింద పడిందో దేవుడికే తెలియాలి. కొందరు గేజ్ కూడా వాడరు, చేత్తో తట్టి చెబుతారు. ఇప్పటి కార్లకు ఉండే రేడియల్ టైరులో గాలి ఎంతుందో చూపుకు, చేతికి దొరకదు. ఐదారు పాయింట్లు తక్కువున్నా బాగానే కనిపిస్తుంది. రెండో ఇబ్బంది నమ్మకం. ఒక మేకు కోసం వెళ్తే "నాలుగు పంక్చర్లు ఉన్నాయి సార్" అని చెప్పి ఒక్కోదానికి వేరుగా వసూలు చేసే షాపులు హైవేల పక్కన ఉన్నాయి. అందుకని బండి దిగి, సబ్బునీళ్లలో బుడగ మీ కళ్లతో చూశాకే పంక్చర్ సూది గుచ్చనివ్వాలి. ఇంటి దగ్గర తెలిసిన షాపు ఒకటి ఉంటే ఈ బెడద ఉండదు.

ఇంట్లో ఇన్‌ఫ్లేటర్

ఇక్కడ ఖర్చు ఒకేసారి. కారులోని సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే 12 వోల్టుల ఇన్‌ఫ్లేటర్లు, అంటే గాలి నింపే చిన్న మెషిన్లు, రెండు వేల రూపాయల చుట్టుపక్కల నుంచే దొరుకుతున్నాయి. బ్యాటరీతో నడిచేవి ఇంకాస్త ఎక్కువ. అంకె సెట్ చేసి బటన్ నొక్కితే, అక్కడికి రాగానే ఆగిపోతాయి.

వీటికి నెమ్మది ఎక్కువ. మూడు నాలుగు పాయింట్లు ఎక్కించడానికి ఒక్కో టైరుకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. పూర్తిగా దిగిపోయిన టైరు నింపాలంటే పది నిమిషాలు దాటుతుంది. అంతసేపటికి మోటారు కాలిపోయేంత వేడెక్కుతుంది, మధ్యలో ఆపి చల్లారనివ్వాలి. శబ్దమూ ఎక్కువే. అపార్ట్‌మెంట్ సెల్లారులో తెల్లవారుజామున నడిపితే పై అంతస్తు వాళ్లు కూడా లేస్తారు. 12 వోల్టుల రకానికి బ్యాటరీ దిగిపోకుండా ఇంజన్ ఆన్ చేసి ఉంచమంటారు. ఆ పని మూసి ఉన్న సెల్లారులో చేయొద్దు, పొగ ప్రమాదకరం. సెల్లారులోనే బండి పెట్టుకునే వాళ్లకు బ్యాటరీ రకమే తగినది. కొనే ముందు తీగ వెనక టైర్ల దాకా అందుతుందో లేదో చూసుకోండి.

పక్కనే బంకు లేని వాళ్ల విషయంలో, ఇన్ని లోపాలున్నా నా ఓటు దీనికే. కారణం ఇందాక చెప్పిన కొలబద్ద. రాత్రంతా నిలబడ్డ బండికి, చల్లని టైరుకు, ఎవరి తొందరా లేకుండా స్టిక్కర్ అంకెను సరిగ్గా పెట్టగలిగే చోటు ఇల్లే. పైగా టైరు దానంతటదే నెలకు సుమారు ఒక పాయింటు కోల్పోతుంది. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు తగ్గితే ఇంకో పాయింటు పోతుంది. మే నెలలో 40 డిగ్రీల ఎండలో సరిచేసిన టైరును డిసెంబరు ఉదయం 15 డిగ్రీల చలిలో చూస్తే, ఏ లీకూ లేకపోయినా చలి ఒక్కదానికే నాలుగైదు పాయింట్లు తక్కువ ఉంటుంది. కాబట్టి నెలకోసారైనా చూడక తప్పదు. బంకుకి నెలనెలా వెళ్లేంత ఓపిక ఎవరికుంది? చేతికందే దూరంలో ఉన్న పనే క్రమం తప్పకుండా జరుగుతుంది.

ఇన్‌ఫ్లేటర్ కొన్నా, కొనకపోయినా విడిగా ఒక మంచి గేజ్ మాత్రం కొనుక్కోండి. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. మెషిన్ల డిస్‌ప్లేలు ఒకటి రెండు పాయింట్లు అటూ ఇటూ చూపడం మామూలే. ఎప్పుడూ ఒకే గేజ్‌తో కొలిస్తే తేడా పసిగట్టగలం. బంకులో కూడా, "అన్నా, ఒకసారి నా గేజ్‌తో చూస్తా" అంటే ఎవరూ కాదనరు.

నైట్రోజన్ సంగతి

మామూలు గాలికి బదులు టైర్లలో నైట్రోజన్ వేయించుకోమని కొన్నిచోట్ల డబ్బులు తీసుకుంటారు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. డబ్బు కట్టి వేయించుకునేది మిగతా భాగం కోసమే. నైట్రోజన్ రబ్బరు గుండా కాస్త నెమ్మదిగా బయటికి పోతుందన్నది నిజం. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 31 రకాల టైర్లను 30 పీఎస్‌ఐతో ఏడాదిపాటు ఉంచి చూసింది. మామూలు గాలి సగటున 3.5 పాయింట్లు తగ్గితే, నైట్రోజన్ 2.2 తగ్గింది. ఏడాదికి తేడా 1.3 పాయింట్లు. విమానాల టైర్లకు దాని అవసరం వేరు. మన రోడ్ల మీద కారుకు ఈ కాస్త తేడా కోసం ఖర్చుపెట్టడం దండగ. టైరు కొన్నప్పుడు ఉచితంగా వేస్తే వేయించుకోండి. కానీ "నైట్రోజన్ వేయించాను, మామూలు గాలి కలపకూడదు" అని తక్కువ గాలితో తిరగడం మాత్రం ప్రమాదం. రెండూ కలిస్తే ఏమీ కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

అక్కడి గ్యాస్ స్టేషన్లలో చిక్కు వేరే. మెషిన్ దగ్గర ఎవరూ ఉండరు, నాణేలో కార్డో వేస్తే కొన్ని నిమిషాలు నడిచి ఆగిపోతుంది. చలికాలం మొదటి చల్లని ఉదయం డ్యాష్‌బోర్డులో గాలి తగ్గిందని చెప్పే టైరు లైటు వెలగగానే అందరూ అక్కడికే పరుగెత్తుతారు. కాలిఫోర్నియాలో పెట్రోలు పోయించుకున్న వాళ్లకు గాలి, నీళ్లు ఉచితంగా ఇవ్వాలన్న చట్టం 2000 నుంచి అమల్లో ఉంది, కౌంటర్ దగ్గర అడిగితే మెషిన్ ఆన్ చేస్తారు. కనెక్టికట్‌లోనూ గాలి ఉచితమే. మిగతా చోట్ల క్విక్‌ట్రిప్, వావా లాంటి స్టేషన్లు, డిస్కౌంట్ టైర్ షాపులు ఉచితంగా ఇస్తాయి. ఆ లైటు గురించి ఒక జాగ్రత్త: అక్కడి నిబంధన ప్రకారం గాలి 25 శాతం తగ్గాక అది వెలిగితే చాలు. 33 ఉండాల్సిన టైరు 25కి దగ్గరయ్యేదాకా లైటు నోరు మెదపకపోవచ్చు. గరాజ్ ఉన్న ఇళ్లలో ఇన్‌ఫ్లేటర్ ఒకటి ఉంచుకోవడం అక్కడ ఇంకా సులువు.

ఎండాకాలం అపోహ

ఈ ఒక్క మాట చెప్పకుండా వదలలేను. "ఎండలు ముదిరాయి, గాలి రెండు పాయింట్లు తగ్గించి పెట్టండి, లేకపోతే టైరు పేలుతుంది" అని బంకులోనూ, షాపులోనూ, ఇంట్లో పెద్దలూ అంటారు. నిజం దీనికి పూర్తిగా ఎదురుగా ఉంది. గాలి తక్కువైతే టైరు గోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లేస్తుంది, ఆ వంపుల్లోనే వేడి పుడుతుంది. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద 120 వేగంతో, నిండు కుటుంబంతో వెళ్తున్నప్పుడు పేలేది ఎక్కువగా అలాంటి టైరే. వేడికి పెరిగే పీడనాన్ని లెక్కలో వేసుకునే కంపెనీ ఆ స్టిక్కర్ అంకె ఇస్తుంది. ఎండాకాలమైనా అదే అంకె. బండి నిండా వెళ్తుంటే నిండు బరువుకు రాసిన అంకె.

మరి ఎవరికి ఏది?

ఊళ్లోనే తిరిగే కారు, ఇంటి దగ్గర బండి నిలుపుకునే చోటు ఉంటే: ఇన్‌ఫ్లేటర్, గేజ్. ఒక టైరే మాటిమాటికీ తగ్గుతుంటే నేరుగా పంక్చర్ షాపు. విజయవాడకో తిరుపతికో బయల్దేరేటప్పుడు ముందురోజు పొద్దున్నే ఇంట్లో చూసుకోవడం. దారిలో వేడి మీద నింపక తప్పకపోతే స్టిక్కర్ అంకె కన్నా మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ పెట్టించి, మర్నాడు చల్లగా ఉన్నప్పుడు సరిచేసుకోవాలి. స్టెప్నీని మర్చిపోవద్దు. బంకులో డిక్కీ సామానంతా దించి స్టెప్నీకి గాలి పెట్టించుకునే ఓపిక ఎవరికీ ఉండదు, ఇంట్లో అయితే అదీ కుదురుతుంది. సన్నగా ఉండే తాత్కాలిక స్టెప్నీలకు చాలావాటికి 60 పీఎస్‌ఐ కావాలి, ఆ అంకె దాని మీదే రాసి ఉంటుంది.

ఇన్‌ఫ్లేటర్ కొనుక్కున్నామని బంకు గాలిని అడగడం మానేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఆటో నడిపే అన్నకు, బైకు మీద సరుకులు చేరవేసే కుర్రాడికి రెండు వేలు పెట్టి మెషిన్ కొనే వీలు ఉండకపోవచ్చు, వాళ్లకు ఆ ఉచిత గాలే ఆధారం. మెషిన్ పనిచేయని బంకులో ఫిర్యాదుల పుస్తకం అడగండి, దాన్ని అందుబాటులో ఉంచడం కూడా వాళ్ల బాధ్యతే. తేదీ, సమయం, మెషిన్ పనిచేయడం లేదన్న ముక్క రాసి సంతకం పెట్టండి. పుస్తకం ఇవ్వకపోతే, మెషిన్ మీది అట్టముక్కను ఫొటో తీసి ఆ ఆయిల్ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపండి.