మిర్యాలగూడలో వీ-ట్విన్: ఆరేళ్లు, 41 వేల కిలోమీటర్ల తర్వాత

టీ కొట్టు దగ్గర బండి ఆపితే అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "లీటరుకు ఎంత ఇస్తుందన్నా?" పెద్ద రోడ్డు మీద నిదానంగా పోతే 22, ఊళ్లో తిరిగితే 16 అని చెబుతాను. అడిగినవాడు తన 100 సీసీ బండిని ఒకసారి చూసుకుని, ఆ తర్వాత నన్ను జాలిగా చూస్తాడు. రెండో ప్రశ్న "ఎంత స్పీడు పోతుంది?" మూడోది "ఎంతకు కొన్నారు?" నాలుగోది ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు: ఏ వేళకు నడుపుతావు? ఈ బండి గురించి చెప్పవలసినదంతా ఆ జవాబులోనే ఉంది.

బండి 650 సీసీ తరగతిది. 90 డిగ్రీల వీ-ట్విన్ ఇంజను, అంటే ఇంగ్లిష్ 'V' అక్షరంలా ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పెట్టిన రెండు సిలిండర్లు, వాటి మధ్య కోణం 90. నిండా ఫెయిరింగ్ (గాలిని చీల్చే పై తొడుగు), కిందికి దిగిన హ్యాండిళ్లు. 2019లో హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పుడు మీటరు మీద 18 వేలు, ఇప్పుడు 59 వేలు. కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే మాట కంపెనీ మీదికి పోతుంది. నేను చెప్పాలనుకున్నది ఈ ఇంజను అమరిక గురించి, మా ఎండ గురించి. నాది రైస్ మిల్లులకు బేరింగులు, బెల్టులు అమ్మే దుకాణం. తిరిగే వస్తువు ఏదైనా తన బాగోగులు చప్పుడుతోనే చెప్పుకుంటుందని ఈ వ్యాపారంలో మొదటి ఏడాదే తెలుస్తుంది. ఈ బండిని కూడా చప్పుడు విని కొన్నాను. మిగతా కారణాలన్నీ ఇంట్లో చెప్పడానికి తర్వాత వెతుక్కున్నవి.

ఆ చప్పుడు ఎందుకు అలా ఉంటుందో చెబుతాను. పొలాల్లో పాత డీజిల్ ఇంజనుకు ఒకే సిలిండర్, కాబట్టి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమానం. నాలుగు సిలిండర్ల బండిది తెంపు లేని ఒకటే శ్రుతి. ఇది రెండూ కాదు. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, రెండు చుట్లు తిరిగితే 720 డిగ్రీలు. అందులో ఒక సిలిండర్ మండిన 270 డిగ్రీలకు రెండోది మండుతుంది, ఆ తర్వాత 450 డిగ్రీల విరామం. దగ్గర దగ్గరగా రెండు దెబ్బలు, ఆపైన ఒక ఎడం. డప్పు విని పెరిగిన చెవికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. కోణం 90 కావడంలో ఇంకో సుఖం కూడా ఉంది. ఒక పిస్టన్ కొసకు చేరి వెనుదిరిగే క్షణంలో రెండోది దాదాపు నడిమధ్యన మంచి ఊపులో ఉంటుంది. క్రాంకుకు తగిన ఎదురు బరువు ఉంటే ఒకదాని కుదుపును ఇంకోటి చాలావరకు మింగేస్తుంది. హార్లే డేవిడ్‌సన్ పెద్ద క్రూజర్లవి కూడా వీ-ట్విన్లే, కానీ వాటి కోణం 45, అందుకే నిలబడి ఉన్నా ఊగుతాయి. పాత డుకాటీలది నా బండి లాగే 90. ముందు సిలిండర్ దాదాపు నేలకు సమాంతరంగా పడుకుని ఉండటం వల్ల వాటిని ఎల్-ట్విన్ అని కూడా అంటారు.

నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద ఇది ఎందుకు ఉపయోగమో తెలుస్తుంది. సిమెంటు లారీ వెనక 50లో పోతున్నాను అనుకోండి. గేరు తగ్గించే పని లేదు. నాలుగో గేరులోనే యాక్సిలరేటర్ తిప్పితే నడుం వెనక ఎవరో చెయ్యి పెట్టి నెట్టినట్టు లారీని దాటేస్తుంది. ఇంజను నిమిషానికి 4 వేల చుట్లు (ఆర్‌పీఎం) తిరిగేటప్పటి నుంచి 7 వేల దాకా ఒకే తీరుగా లాగుతుంది. ఇక ఎంత స్పీడు పోతుందన్న రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. వెనక లైటు లేని ట్రాక్టర్లు తిరిగే రోడ్డు మీద దాన్ని తెలుసుకోవాలన్న కోరిక నాకు లేదు.

3 వేల ఆర్‌పీఎం లోపు మాత్రం మొండిది. సంత రోజు జనం మధ్య రెండో గేరులో పోనిస్తే చైను టపటపా కొట్టుకుంటుంది, బండి ఎగిరెగిరి పడుతుంది. అర క్లచ్ మీద నెట్టుకురావాలి. అలా రెండు కిలోమీటర్లు పోయేసరికి ఎడమ అరచెయ్యి తిమ్మిరెక్కుతుంది.

ఇక వేడి. వీ-ట్విన్‌లో ముందు సిలిండర్‌కు ఎదురుగాలి తగులుతుంది, వెనకది కూర్చున్నవాడి తొడల మధ్య ఉంటుంది. రేడియేటర్ ఉన్నా సరే, వెనక సిలిండర్ వేడికి దారి మన కాళ్ల మీదుగానే. నల్లగొండ జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. అలాంటి ఒక రోజు, మధ్యాహ్నం ఒంటిగంటకు, గుంటూరు రైలు మార్గం గేటు దగ్గర చిక్కుకున్నాను. గూడ్సు బండి రావాలి, రాదు. ఇంజను వేడి చూపే మీటరులో 97, 101, 104 డిగ్రీలు. ఫ్యాను తిరగడం మొదలై రేడియేటర్ వేడినంతా మోకాళ్ల మీదికి తోస్తోంది. జీన్స్ ప్యాంటు ఇస్త్రీ పెట్టె కింద పెట్టినట్టు అయింది. ఇంజను ఆపి, 200 కిలోల బండిని వేపచెట్టు నీడ దాకా నెట్టుకుంటూ పోయాను. స్కూటీ మీద వచ్చిన ఒక పెద్దాయన "పెట్రోలు అయిపోయిందా బిడ్డా?" అని అడిగాడు. అవునన్నాను. నిజం చెప్పడానికి ఓపిక లేదు.

ఆ రోజు నుంచి బండికి వేళలు పెట్టుకున్నాను. మార్చి నుంచి తొలకరి దాకా ఉదయం 5 నుంచి 8 వరకే. తర్వాత కవరు కప్పి, 110 సీసీ స్కూటరు మీద దుకాణానికి పోతాను. ఇది లోటు అనిపించేది మొదట్లో. ఇప్పుడు హాలియా మీదుగా నాగార్జునసాగర్ పోయే తెల్లవారుజాములే ఈ బండితో నాకున్న అసలు సంబంధం. ఎడమ కాలువకు నీళ్లు వదిలిన నెలల్లో పొలాల మీది గాలి చల్లగా తగులుతుంది. ఇంజను వేడి 80 దాటదు. ఇంజను కూడా తడి గాలికి గొంతు సవరించుకున్నట్టు పలుకుతుంది. డ్యాము కనిపించే మలుపు దగ్గర ఆగి, ఇడ్లీ తిని, ఎండ ముదరకముందే వెనక్కి. అంతే.

ఈ ప్రాంతంలో స్పోర్ట్స్ బండి నడిపేవాడికి వేగం కంటే పెద్ద గండం వడ్లు. ఏప్రిల్, మే నెలల్లో యాసంగి కోతలు, దసరా దాటాక వానాకాలం కోతలు. రెండుసార్లూ సగం రోడ్డు మీద వడ్లు ఆరుతుంటాయి. చుట్టూ రాళ్లు పేరుస్తారు, చీకటి పడితే నల్ల టార్పాలిన్ కప్పుతారు. ఆ రెండూ రాత్రి కనిపించవు. 2021లో మునిమాపు వేళ హాలియా దాటాక ఒక మలుపులో ఉలిక్కిపడి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేశాను. రెండు పెద్ద పిస్టన్లున్న ఇంజను ఇది, చెయ్యి వదిలితే బ్రేకు వేసినంత పని అవుతుంది. వెనక చక్రం వడ్ల మీద పక్కకు జారింది. గింజలు టైరు కింద బేరింగు గోళీల్లా దొర్లుతాయి. బేరింగులు అమ్మేవాడిని చెబుతున్నాను. క్లచ్ లివర్ విరిగింది, ఫెయిరింగ్ గీసుకుపోయింది, అరచెయ్యి చర్మం లేచింది. వడ్లవాళ్లు, మొగుడూ పెళ్లామూ, పరుగెత్తుకొచ్చి ముందు నన్ను లేపారు, తర్వాత బండిని, ఆ తర్వాత చెదిరిన వడ్లను చూసుకున్నారు. ఆమె పారతో లాగుతుంటే నేనూ ఒక చేత్తో చీపురు పట్టాను. వాళ్లను తప్పు పట్టలేను. తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో కొనరు, కళ్లాలు అందరికీ చాలవు, తారు రోడ్డు కంటే వేగంగా ఆరబెట్టే చోటు ఇంకోటి లేదు. ఇప్పుడైతే వడ్లు కనిపిస్తే క్లచ్ నొక్కి, ఏ బ్రేకూ ముట్టుకోకుండా, బండిని నిటారుగా దొర్లనిస్తాను.

చెయ్యి వదిలితే బ్రేకులా పట్టే అదే ఇంజను బిగింపు శ్రీశైలం ఘాట్‌లో వరం. డిసెంబరులో రాత్రి 2 దాటగానే బయల్దేరి, మల్లేపల్లి, దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరుకున్నాను. అక్కడ పులుల అభయారణ్యం మొదలవుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసి ఉంటుంది. వరుసలో కార్లు, లారీలు, వాటి మధ్య నేను. చలికి వేళ్లు వంగడం లేదు. బండి దిగి, మే నెలలో నన్ను వేయించిన ఆ వెనక సిలిండర్ పక్కన రెండు చేతులూ పెట్టి కాచుకున్నాను. పక్కన లారీ డ్రైవర్ కూడా వచ్చి చేతులు పెట్టాడు. కుంపటి చుట్టూ కూర్చున్నట్టు పావుగంట మాట్లాడుకున్నాం. అతను ఒక్కడే మైలేజీ అడగలేదు. గేటు తీశాక అడవిలో నెమ్మదిగా పోయి, దోమలపెంట దాటాక దిగుడు మలుపులన్నీ రెండో గేరులో, బ్రేకు అవసరం చాలా తక్కువగా దిగాను. తిరుగు ప్రయాణంలో మణికట్లు మాత్రం ఏడ్చాయి. ఈ హ్యాండిళ్ల మీద 200 కిలోమీటర్లు దాటితే నలభై దాటిన ఒళ్లు మాట వినదు.

ఖర్చుల సంగతికి వస్తే, ఒక ఇంజనే అయినా రెండు బండ్లకు చేయించినట్టు ఉంటుంది. రెండు హెడ్లు, రెండు సైలెన్సర్ పైపులు. వాల్వు క్లియరెన్సు, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని ఎడం, చూడాలంటే ముందు సిలిండర్‌కు రేడియేటర్ కదపాలి, వెనకదానికి ట్యాంకు విప్పాలి. మొదటి మెకానిక్ రెండింటికీ డబ్బు తీసుకుని ముందుదే చూసి పంపాడు. ఎలా తెలిసిందంటే, వెనక కవరు బోల్టుల మీద మా ఆవిడ గోళ్ల రంగుతో నాలుగు చుక్కలు పెట్టి ఉంచాను. చుక్కలు చెక్కుచెదరలేదు. మాన్యువల్ ముందు పెట్టుకుని రెండు ఆదివారాలు కష్టపడి అప్పటి నుంచి ఆ పని నేనే చేసుకుంటున్నాను. 31 వేల కిలోమీటర్ల దగ్గర రెక్టిఫయర్ (బ్యాటరీకి పోయే కరెంటును సరిచేసేది) కాలిపోయింది. ఇంజను తిరుగుతుంటే బ్యాటరీ దగ్గర 14 ఓల్టుల చుట్టుపక్కల ఉండాలి, నాకు 12 చూపించింది. కొత్తదాన్ని సీటు కింద కాకుండా గాలి తగిలే చోట బిగించాను, మళ్లీ ఇబ్బంది లేదు.

స్పేర్ల కోసం వారాలు ఎదురుచూడటం మామూలే. కానీ ఒకసారి వెనక చక్రం గరగరలాడితే విప్పి చూశాను. బేరింగు అంచు మీద 6204 అని ఉంది. లోపలి వ్యాసం 20, బయటిది 47, మందం 14 మిల్లీమీటర్లు. నా దుకాణంలో రెండో అరలో డజన్ల కొద్దీ ఉన్న సరుకే అది. రెండు వైపులా రబ్బరు మూత ఉన్నవి ఏరుకుని వేసుకున్నాను. ఆయిల్ సీళ్లూ అంతే, కొలత తెలిస్తే కంపెనీ డబ్బా అక్కర్లేదు.

మా ఊరి ప్రత్యేకత ఇంకోటి ఎయిర్ ఫిల్టర్. మిల్లుల పొయ్యిల్లోంచి వచ్చే ఊక బూడిద దాన్ని మాన్యువల్‌లో రాసిన గడువులో సగానికే నల్లగా చేస్తుంది. 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక నా లెక్కలో మైలేజీ ఒకటిన్నర తగ్గింది. పాత పెట్రోలు పైపులు గట్టిపడినట్టు అనిపించి ముందుజాగ్రత్తగా మార్చేశాను. ఆ పెట్రోలు తేమ పీలుస్తుంది కాబట్టి వానాకాలంలో బండి కదలకపోతే ట్యాంకు ఖాళీగా ఉంచను.

వెనక సీటు ఉందని కంపెనీవాళ్లు అంటారు. కృష్ణా, మూసీ కలిసే వాడపల్లి దాకా మా ఆవిడ ఒక్కసారి దాని మీద కూర్చుంది. దర్శనం అయ్యాక "మీరు రండి, నేను బస్సులో వస్తాను" అంది. నాకంటే ముందే ఇల్లు చేరింది.

ఇలాంటి బండి కొనాలనుకుంటే అమ్మేవాళ్లు ఉదయం రమ్మంటారు, చల్లని ఇంజను పాట వినిపిస్తారు. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి వినడం మంచిదే, మొదటి నిమిషంలో వచ్చే టకటకలు దాచడం కష్టం. కానీ అక్కడితో ఆగకండి. మధ్యాహ్నం పన్నెండున్నరకు మళ్లీ పోయి, ఊరి మధ్యలోంచి అరగంట నడిపి, ఎక్కడైనా గేటు దగ్గర ఇంజను ఆపకుండా ఐదు నిమిషాలు నిలబడండి. ఫ్యాను తిరుగుతోందా, తిరిగాక వేడి దిగుతోందా చూడండి. బండి దిగిన తర్వాత కూడా కొనాలనిపిస్తే అప్పుడు ధర మాట్లాడండి. నా బండి అమ్మే రోజు వస్తే మాత్రం నేనూ ఉదయమే రమ్మంటాను.