హానర్ హారింగ్టన్ సిరీస్: ఇద్దరు కలిసి రాసిన భాగాల మీద నా గోడు

డేవిడ్ వెబర్‌ని తిట్టడానికి రాయట్లేదు, ముందే చెప్తున్నా. హానర్ హారింగ్టన్ అనే నౌకాదళ కెప్టెన్ చుట్టూ ఆయన రాసిన అంతరిక్ష యుద్ధాల నవలలివి. ఈ సిరీస్ అంటే నాకు పిచ్చి. ఉద్యోగానికి బెంగళూరు వచ్చిన కొత్తలో చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్ పుస్తకాల షాపుకి వెళ్ళి, సెకండ్ హ్యాండ్ అరలు గాలించి పాత పేపర్‌బ్యాకులు ఒక్కొక్కటే పోగేసుకున్నాను. ఆ పిచ్చితోనే ఎరిక్ ఫ్లింట్ అనే ఇంకో రచయితతో వెబర్ కలిసి రాసిన నాలుగూ వదలకుండా చదివాను, కోపం కూడా అందుకే.

1993లో వచ్చిన మొదటి పుస్తకం 'ఆన్ బాసిలిస్క్ స్టేషన్' చూడండి. హానర్ చేతికిచ్చిన ఫియర్‌లెస్ క్రూయిజర్ రకం చిన్న యుద్ధనౌక. పైవాళ్ళెవరికో ప్రయోగం చెయ్యాలనిపించి, పనికొచ్చే ఆయుధాలు చాలావరకు పీకేసి, దగ్గరికెళ్తే తప్ప పనిచెయ్యని గ్రావ్ లాన్స్ అనే ఆయుధం ఒకటి బిగించారు. ఓడలకి పైనా కిందా ఏ ఆయుధమూ ఛేదించలేని గురుత్వాకర్షణ పట్టీలుంటాయి, ముందూ వెనకా మాత్రం ఖాళీ. ఈ రూల్స్ వెబర్ మొదట్లోనే పెట్టేసి ఆ పుస్తకం చివరిదాకా మారుస్తే ఒట్టు. చివర్లో సిరియస్ అనే ఓడని తరుముతుంటే, టెన్షన్‌తో మన ప్రాణం పోతుంటే, మధ్యలో ఆపి కాంతి కంటే వేగంగా పోయే హైపర్‌స్పేస్ ప్రయాణం ఎలా మొదలైందో పేజీలకి పేజీలు చరిత్ర చెప్తాడాయన. చాలామంది నవ్వుతారు దానికి, నాకైతే అదీ ఇష్టమే, ఎందుకంటే ఆ లెక్కలన్నీ ఆ కెప్టెన్ పీకల మీదికొచ్చిన లెక్కలు.

ఇక ఫ్లింట్ సంగతి. 2001లో ఒక కథల సంపుటిలో ఆయన విక్టర్ కాషా అనే గూఢచారిని (హానర్ దేశానికి శత్రువైన హేవెన్ మనిషి) తెచ్చాడు, బాగున్నాడు. 2003లో ఇద్దరూ కలిసి రాసిన 'క్రౌన్ ఆఫ్ స్లేవ్స్' కూడా, అబద్ధం ఎందుకు, నాకు నచ్చింది. కుట్రలు, వెటకారం, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళకి ఒక గ్రహం, దానికో కుర్ర రాణి, మంచి స్పీడ్ మీద నడుస్తుంది.

2009లో 'టార్చ్ ఆఫ్ ఫ్రీడమ్' దగ్గర నుంచే తేడా కొట్టింది. యుద్ధం పక్కకి పోయి గూఢచారుల కబుర్లు నడిమధ్యకి వచ్చి కూర్చున్నాయి. ఒకడు ఒక అనుమానం చెప్తాడు, రెండోవాడు దానిమీద జోకేస్తాడు, మూడో ఆమె ఆ జోకు ఎందుకు బాగాలేదో వివరిస్తుంది, ఇంతలో అధ్యాయం అయిపోతుంది. పైగా అదే కాలం కథ మెయిన్ సిరీస్‌లోనూ నడుస్తుంటుంది కాబట్టి ఒక సంగతి అక్కడోసారి, ఇక్కడోసారి. 2014లో 'కాల్డ్రన్ ఆఫ్ ఘోస్ట్స్' చివర, బానిస వ్యాపారానికి కేంద్రమైన మీసా గ్రహానికి చేరిన నౌకాదళమే 2016లో వెబర్ ఒక్కడే రాసిన పుస్తకం చివర కూడా మళ్ళీ అక్కడికే చేరుతుంది! డబ్బులు పెట్టి రెండుసార్లు కొన్నాం కదండీ. ఆ కాల్డ్రన్‌లో కూడా నోయె రోస్టాక్ అనే టవర్‌లో చిక్కుకున్న పేద జనం ఎదురుతిరిగి పోరాడే భాగం మాత్రం అదిరిపోతుంది. రాయడం చేతకాక కాదు వీళ్ళకి.

2021 నాటి 'టు ఎండ్ ఇన్ ఫైర్'కి వచ్చేసరికి ఓపిక అయిపోయింది. పేరులో నిప్పుంది, లోపల మీటింగులున్నాయి. దాక్కున్న శత్రువు ఎక్కడున్నాడని కమిటీలు వేసి చర్చిస్తూనే ఉంటారు, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మినిట్స్ చదువుతున్నట్టే అనిపించింది. హానర్ కనిపించేదే తక్కువ.

అసలు 2005లో 'ఎట్ ఆల్ కాస్ట్స్'లోనే హానర్‌ని చంపేసి, కథని ఆమె పిల్లల తరానికి తీసుకెళ్దామని వెబర్ అనుకున్నాడట, ఆయనే చెప్పిన మాట. ఫ్లింట్ కథ కోసం మీసా గొడవని ముందుకి జరపాల్సి రావడంతో ఆమె బతికిపోయింది. అభిమానిగా సంతోషించాలి నిజానికి. కానీ బతికించి ఏం చేశారు? కాన్ఫరెన్స్ హాల్లో కూర్చోబెట్టారు.

ఫ్లింట్ మీద నాకు వ్యక్తిగతంగా గౌరవమే. ఈ పుస్తకాలు వేసే బేన్ పబ్లిషర్లు ఈబుక్స్ ఉచితంగా ఇచ్చిన ఫ్రీ లైబ్రరీకి మొదటి లైబ్రేరియన్ ఆయనే, మొదటి హానర్ పుస్తకం కూడా అందులో ఉండేది. డాలర్లు పెట్టి కొనలేని నాలాంటివాళ్ళకి అది చిన్న సాయం కాదు. 2022లో పోయారు పాపం.

కలిసి రాయడమే తప్పంటే అదీ కాదు. వెబర్ తిమోతి జాన్ అనే రచయితతో రాసిన 'ఎ కాల్ టు డ్యూటీ' 2014లోనే వచ్చింది. హానర్ కంటే కొన్ని వందల ఏళ్ళ ముందు కథ, ట్రావిస్ లాంగ్ అనే రూల్స్ పిచ్చోడు హీరో. గొప్పదని అనను కానీ కథ ఓడ దిగిపోదు.

మా ఆఫీసులో కర్నూలు కుర్రాడొకడు ఈ మధ్యే మొదలుపెట్టాడు. "అన్నా, అన్నీ చదవాల్నా?" అన్నాడు. 'ఎట్ ఆల్ కాస్ట్స్' దాకా ఏదీ వదలొద్దు, దానికి ముందు 'క్రౌన్ ఆఫ్ స్లేవ్స్' కూడా చదువు, ఆ తర్వాత నీ ఇష్టం అన్నాను. 'టు ఎండ్ ఇన్ ఫైర్' కావాలంటే మారతహళ్ళి వచ్చి నా కాపీ పట్టుకెళ్ళమన్నాను, తిరిగివ్వక్కర్లేదని కూడా చెప్పాను.