చిన్న పెరట్లో ఆపిల్, మామిడి, జామ: ఏది మేలు?

తిరుచానూరు వైపు మా అక్కవాళ్లు కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. వెనక మిగిలింది 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. ఒక పండ్ల చెట్టుకు, మహా అయితే రెండింటికి చోటు. అక్కకు ఆపిల్ మీద మనసు. మామిడి లేని ఇల్లేమిటని బావ. నేను జామ అన్నాను.

ఆపిల్ సంగతి ముందు తేల్చేస్తాను. వేడి ఊళ్లలోనూ కాస్తుందని అమ్మే ‘అన్నా’ రకం ఇజ్రాయెల్‌లో పుట్టింది. మామూలు ఆపిల్‌కు 7 డిగ్రీల లోపు చలి 800 నుంచి 1000 గంటలు కావాలి. అన్నాకు 200, 300 గంటలు చాలు. ఆ కాస్త చలి మాత్రం తిరుపతిలో ఎక్కడుంది? పైగా బాగా కాయాలంటే పక్కన డార్సెట్ గోల్డెన్ లాంటి రెండో రకం కూడా పూయాలి. ఉన్న చోటంతా దానికే పోతుంది. చలి లేని లోటుకు చేత్తో ఆకులు దూసి పూయించేవాళ్లు ఉన్నారు గానీ, పిల్లలు తృప్తిగా తినేంత పంటకు నేను దాన్ని నమ్మను.

అసలు పోటీ మామిడికీ జామకీ. బావ బంగినపల్లి అన్నారు. చిత్తూరు తోటల్లో ఆ చెట్టు ఎంత పరుచుకుంటుందో చూసినవాళ్లెవరూ దాన్ని గోడ పక్కన నాటరు. చిన్న చోటికైతే ఆమ్రపాలి. దశేరిని, నీలాన్ని కలిపి 1971లో ఢిల్లీలో తయారుచేసిన పొట్టి రకం ఇది. తోటల్లో రెండున్నర మీటర్లకొకటి నాటుతారు. ఏటా కాస్తుంది, పండు చిన్నదైనా మంచి తీపి.

తేడా అంతా కత్తిరింపులో ఉంది. మామిడి ముదిరిన కొమ్మ చివర పూస్తుంది. అందుకే కాయలు కోయగానే కత్తెర పెట్టాలి. దసరా దాకా ఆగితే కొత్త చిగురు ముదరదు, ఆ ఏటి పూత పోయినట్టే. జామ కొత్త చిగురు మీదే పూస్తుంది కాబట్టి ఎంత కత్తిరిస్తే అంత గుబురుగా చిగురించి కాస్తుంది. చేతికందే ఎత్తులోనే ఉంచుకోవచ్చు. అక్క, బావ ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు. అదను తప్పినా కాసే చెట్టే వాళ్లకు నయం. లక్నో-49 అనే జామ రకం అంటు అయితే రెండో ఏటి నుంచే కాయ కనబడుతుంది.

జామకు పెద్ద బాధ వానాకాలపు పండు ఈగ. పైకి నిగనిగలాడే పండు కోస్తే లోపల పురుగులు! వేసవి పూత తుంచేస్తే ఆ పంట తగ్గి, చలికాలంలో మంచి కాయ వస్తుంది. ఉంచుకున్న కాయలకు పక్వానికి రాకముందే కవర్లు కట్టాలి.

రెండో మొక్కగా బాలాజీ నిమ్మ చెప్పాను. తిరుపతి పరిశోధన కేంద్రంలోనే వచ్చిన రకం, గజ్జి తెగులును బాగా తట్టుకుంటుంది.

మొన్న ఆదివారం జామకు గుంత తీశాం. బావ ఇంకా ఆమ్రపాలిని వదల్లేదు, మేడ మీద పెద్ద డ్రమ్ములో పెడతానంటున్నారు. పెట్టొచ్చు. కానీ మొదటి రెండేళ్ల పూత తుంచేయాలి, ఎండాకాలం రోజూ నీళ్లు పోయాలి.