సమాధి చూడటానికి టికెట్ లేదు

యెరూషలేము వెళ్లే ప్రతి తెలుగు విశ్వాసికీ ముందుగా ఒక మాట చెప్పాలి. క్రీస్తును సిలువ వేసి, పాతిపెట్టిన చోట కట్టారని చెప్పే పవిత్ర సమాధి మందిరంలోకి వెళ్లడానికి ఎవరికీ పైసా కట్టనక్కరలేదు. ఈ సంగతి మాకు తెలియదు. యాఫా ద్వారం దగ్గర కలిసిన ఒక గైడు ప్రవేశ రుసుము అనీ, వరుసలో నిలబడకుండా సమాధి చూపిస్తాననీ చెప్పి అమ్మ, నేను, మా ఇద్దరి దగ్గర 240 షెకెళ్లు (ఇశ్రాయేలు డబ్బు) తీసుకున్నాడు. గుమ్మం దాటగానే కనిపించే అభ్యంగన శిల, అంటే సమాధి చేసే ముందు యేసు దేహాన్ని ఉంచారని చెప్పే రాయి, చూపించి, ఫోను వచ్చిందంటూ వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. భర్తను పోగొట్టుకుని ఏడాది కూడా కాని మా అమ్మను క్రీస్తు సమాధి పేరు చెప్పి మోసం చేశాడు. నాకు ఇప్పటికీ ఆ కోపం చల్లారలేదు.

గలిలయలో మూడు రోజులు, బేత్లెహేములో ఒక పూట హాయిగా గడిచాయి. పాత నగరంలో గది మాత్రం రాత్రికి 420 షెకెళ్లు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నవారు పాత నగరం గోడ బయట బస చేయడమే మేలు.

ఈ యాత్ర నాన్న కోరిక. ఆయన కోసమే వస్తున్నానని అమ్మ బయలుదేరేటప్పుడే చెప్పింది. నాన్న పోయాక ఆమె చర్చికి వచ్చేది గానీ నోరు విప్పి పాడేది కాదు, ప్రార్థించేది కాదు.

పవిత్ర సమాధి మందిరంలో కుడివైపు నిటారు మెట్లెక్కితే గొల్గొతా, యేసును సిలువ వేసిన చోటు. అక్కడ గ్రీకు బలిపీఠం కింద ఒక రంధ్రం ఉంటుంది. మోకరించి చేయి పెడితే కింది బండ తగులుతుంది. అమ్మ పెట్టిన చేయి చాలాసేపు తీయలేదు. మెట్లు దిగుతూ, "సిలువ మీద ఆయన కూడా నన్నెందుకు చెయ్యి విడిచావని దేవుణ్ణి అడిగాడు కదా. నేను అలా అడగడం పాపమనుకున్నాను" అంది. పది నెలల్లో దేవుని గురించి ఆమె నోట విన్న మొదటి మాట అది.

సమాధి గది కోసం గంటా నలభై నిమిషాలు నిలబడ్డాం, లోపల ఉన్నది అర నిమిషం. 2016లో బాగుచేయడం మొదలుపెట్టి మరుసటి ఏడాది ముగించిన ఆ చిన్న కట్టడం అందంగానే ఉంది. కానీ వెళ్తే తెల్లవారుజామున, తలుపులు తీసే వేళకే వెళ్లండి.

మరునాడు దమస్కు ద్వారం బయట ఉన్న తోట సమాధికి వెళ్లాం. యేసు సమాధి ఇదేనని కొందరు నమ్ముతారు. ఇది 1867లో బయటపడింది. ఈ సమాధి యేసు కాలానికి ఎన్నో శతాబ్దాల ముందుదని చాలామంది పురావస్తు పరిశోధకుల మాట. చరిత్ర బలం పాత మందిరానికే ఉందని నేనూ నమ్ముతాను. అయినా పునరుత్థానం గురించి నిదానంగా కూర్చుని ఆలోచించడానికి నా ఓటు ఈ తోటకే. ఆదివారం మూసి ఉంటుంది. ప్రవేశం ఉచితం, వివరించి చెప్పిన పెద్దాయన ఏమీ అడగలేదు. మేమే 50 షెకెళ్లు కానుక వేశాం.

లోపలి తలుపు మీద ఆయన ఇక్కడ లేడు, లేచాడు అని ఆంగ్లంలో రాసి ఉంది. అర్థం చెప్పమంది అమ్మ. చెప్పాను. ఖాళీ రాతి అరుగు వైపు చూస్తూ, "మీ నాన్న దగ్గరికి వెళ్లినప్పుడు ఇది చెప్పాలి" అని, వెంటనే సర్దుకుని, "కాదులే, ఆయనకు తెలుసు" అంది.

బయట చెట్టు కింద బల్ల మీద కూర్చుని మెల్లగా పాట అందుకుంది. ఇంట్లో వాళ్లిద్దరూ చరణం ఒకరు చొప్పున పాడుకునే పాట అది. నాన్న చరణం దగ్గర ఆగుతుందేమోనని భయపడ్డాను. ఆగలేదు, అదీ తనే పాడింది.