కొత్త హార్డ్ డిస్క్‌కి పసుపు రంగు చూపించిందా? ఫార్మాట్ చేసి సరిపెట్టుకోకండి

మాది ఖమ్మం. పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు తీసి ఎడిట్ చేసుకోవడం నా పని. హార్డ్ డిస్క్‌లు నాకు కొత్తేం కాదు, ఏడాదికి రెండో మూడో కొంటూనే ఉంటాను. అయినా సరే, మొన్న మాఘమాసం పెళ్లిళ్ల హడావుడిలో ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక 4 టీబీ డిస్క్ నన్ను పంతొమ్మిది రోజులు తిప్పలు పెట్టింది. అమ్మినవాళ్ల తప్పు ఎంతుందో, తెలిసి తెలిసి నేను చేసిన తప్పూ అంతే ఉంది. కొత్త డిస్క్ తేడాగా కనిపించి, వాపస్ ఇద్దామా వాడేద్దామా అని ఊగుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ముందు ఇది చదవండి.

డిస్క్ వచ్చింది గురువారం. వాపస్ గడువు 7 రోజులు. మొదటి రెండు రోజులూ నాకు వరసగా పెళ్లిళ్లు, పెట్టె విప్పే తీరిక కూడా లేదు. మూడో రోజు రాత్రి బిగించి, ఒక పెళ్లి ఫుటేజీ 620 జీబీ కాపీకి పెట్టి అన్నానికి కూర్చున్నాను. మొదట్లో సెకనుకి 170 ఎంబీ దాకా బాగానే నడిచింది. ఫుటేజీ ఎక్కాక, సరిగ్గా కాపీ అయిందో లేదో సరిచూడటానికి మళ్లీ చదివిస్తున్నాను, అప్పుడు మొదలైంది. తెర మీద వేగం చూపించే గీత ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది. క్యాబినెట్‌లోంచి టక్... టక్... అని రెండుసార్లు శబ్దం. అర నిమిషం ఏమీ లేదు. తర్వాత ఏమీ జరగనట్టే మళ్లీ పరుగు.

డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే, నీలం ఉండాల్సిన చోట పసుపు. కింద సి5 అనే వరసలో, అంటే కరెంట్ పెండింగ్ సెక్టార్ దగ్గర, 8 అని ఉంది. సెక్టార్ అంటే డేటా దాచే చిన్న గడి. చదవబోతే చదవడానికి రాని సెక్టార్లను డిస్క్ ఇలా అనుమానితుల జాబితాలో పెట్టుకుంటుంది. ఆ చోట మళ్లీ ఏదైనా రాసినప్పుడు సెక్టార్ బాగుంటే జాబితాలోంచి తీసేస్తుంది, బాగా లేకపోతే దాని బదులు స్పేర్ సెక్టార్ కేటాయించి, అలా మార్చినవాటిని లెక్కపెట్టే 05 వరసలో అంకె పెంచుతుంది.

నిజానికి నిర్ణయం అక్కడే అయిపోవాలి. కాలేదు. మా బావమరిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ఫోన్ చేస్తే, "బావా, 4 టీబీ అంటే 781 కోట్ల సెక్టార్లు. అందులో ఎనిమిది పోతే ఏమైంది? అది కూడా నిజంగా ఎనిమిది కాదు, లోపల 4 కేబీ సెక్టార్ ఒక్కటే, బయటికి ఎనిమిదిగా లెక్క చూపిస్తుంది" అన్నాడు. లెక్క కరెక్టే. అమ్మినవాళ్ల కస్టమర్ కేర్ అమ్మాయి ఇంకా తేలిగ్గా తేల్చేసింది: "సార్, ఒకసారి ఫుల్ ఫార్మాట్ చేయండి, సాల్వ్ అయిపోతుంది." నాక్కూడా ఆ మాటే వినాలని ఉంది, ఎందుకంటే పొద్దున్నే ఇంకో పెళ్లి.

రాత్రంతా ఫుల్ ఫార్మాట్ నడిచింది. దాదాపు ఎనిమిది గంటలు. లేచి చూస్తే నీలం. సి5 సున్నా, 05 కూడా సున్నా. హమ్మయ్య అనుకుని కెమెరా బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయాను.

నా హెచ్చరిక ప్రధానంగా దీని గురించే. ఫుల్ ఫార్మాట్ డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. రాసినప్పుడు ఆ సెక్టార్ ఎలాగోలా ఒప్పుకుంటే అనుమానితుల జాబితా ఖాళీ అవుతుంది. అంతే తప్ప అక్కడి లోపం పోయినట్టు కాదు. పైగా మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం తుడిచిపెట్టుకుపోతుంది. రేపు వాళ్ల మనిషి వచ్చి చూస్తే అన్నీ సున్నాలే, "బాగానే ఉంది కదండీ" అంటాడు. నన్ను ఫార్మాట్ చేయమన్న అమ్మాయికి ఇదంతా తెలిసి చెప్పిందని నేననను, ఆమె ముందున్న కాగితంలో అలా రాసి ఉంటుంది. కానీ ఫలితం మాత్రం అమ్మినవాళ్లకే లాభం: గడువులో ఒక రోజు కరిగిపోయింది, సాక్ష్యమూ పోయింది. నా అదృష్టం, ఫార్మాట్‌కి ముందు బావమరిదికి చూపించడానికి తీసిన స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో ఉండిపోయింది. దాంట్లో సీరియల్ నంబరు కూడా కనిపిస్తోంది.

ఆరో రోజు రాత్రి ఎందుకో మనసొప్పక, తయారీ కంపెనీ ఉచితంగా ఇచ్చే టూల్‌తో లాంగ్ టెస్ట్ పెట్టాను. ఇది డిస్క్ మొత్తం చదువుకుంటూ పోతుంది, 4 టీబీకి ఏడెనిమిది గంటలు పడుతుంది. నాది సగం దాటాక ఆగిపోయి రీడ్ ఫెయిల్యూర్ అని రాసింది. మళ్లీ పసుపు. సి5 దగ్గర 18. అది పద్దెనిమిది కాదండోయ్, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో మామూలుగా హెక్స్‌లో, పదుల బదులు పదహార్లతో లెక్కపెట్టే పద్ధతిలో చూపిస్తుంది, అంటే మన లెక్కలో ఇరవై నాలుగు. మూడు రోజుల్లో మూడింతలు.

ఎనిమిదైతే ఏమిటి, ఇరవై నాలుగైతే ఏమిటి అనేవాళ్లకి ఒక మాట. గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్క్‌లను గమనించి 2007లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఇలా అనుమానిత సెక్టార్ మొదటిసారి కనిపించిన డిస్క్, అది లేని డిస్క్ కంటే 60 రోజుల్లోపు పాడయ్యే అవకాశం 16 రెట్లు ఎక్కువని తేలింది. డిస్క్ తనంతట తాను చదివి చూసుకునేటప్పుడు దొరికే తప్పు, అంటే స్కాన్ ఎర్రర్, మొదటిసారి వచ్చిన డిస్క్‌కైతే ఏకంగా 39 రెట్లు. పాత డిస్క్‌లో ఒకటో రెండో వచ్చి, పెరగకుండా ఏళ్ల తరబడి నడిచినవి నా దగ్గరే ఉన్నాయి. వాటిని పారేయమని నేను చెప్పను. కానీ నిన్న పెట్టెలోంచి తీసిన దాంట్లో వస్తే అది వేరే సంగతి. పూర్తి డబ్బు పెట్టి కొన్నదాన్ని మొదటి రోజు నుంచే అనుమానంతో ఎందుకు వాడాలి?

"వారంటీ మూడేళ్లు ఉంది కదా, పాడయ్యాక చూద్దాంలే" అనుకోవడం ఇంకో ఉచ్చు. ఒకసారి వాపస్ గడువు దాటి వారంటీ కింద పంపామంటే, చాలాసార్లు తిరిగి వచ్చేది కొత్త డిస్క్ కాదు, బాగుచేసి పరీక్షించిన రీసర్టిఫైడ్ డిస్క్. వారంటీ షరతుల్లోనే ఆ మాట రాసి ఉంటుంది. కొత్తదానికి కొత్తది కావాలన్నా, డబ్బులు కావాలన్నా ఆ ఏడు రోజులే.

ఏడో రోజు పొద్దున పదకొండింటికి రిటర్న్ పెట్టాను. యాప్‌లో రీప్లేస్‌మెంట్ ఒక్కటే ఉంది, రిఫండ్ లేదు. సరే అన్నాను. డిస్క్ తీసుకెళ్లడానికి వచ్చిన కుర్రాడు తన ఫోన్లో ఉన్న సీరియల్ నంబరునీ, లేబుల్ మీదదాన్నీ అంకె అంకె సరిచూసుకున్నాడు. నేను కూడా అతని ముందే వీడియో తీసుకున్నాను. అతనేం అనుకోలేదు, "మంచి పని చేశారు సార్, మాకూ సేఫ్" అన్నాడు.

పన్నెండో రోజు మారుడిస్క్ వచ్చింది. ఈసారి వేళ్లతో తడిమి మరీ చూశాను. స్క్రూ రంధ్రాల చుట్టూ రంగు గీసుకుపోయి వెండిలా మెరుస్తోంది. కంప్యూటర్‌కి తగిలించే సాటా కనెక్టర్ పిన్నుల మీద అడ్డంగా సన్నని గీతలు. ఎవరో ఒకసారి బిగించి విప్పిన సరుకు. ఇంకా కంప్యూటర్‌కి కూడా తగిలించకుండా సీరియల్ నంబరు తీసుకెళ్లి తయారీ కంపెనీ వారంటీ పేజీలో కొడితే, ఇది సిస్టమ్‌లతో పాటు అమ్మడానికి ఇచ్చిన డిస్క్ అనీ, విడిగా కొన్నవాళ్లకి వారంటీ లేదనీ వచ్చింది. కంపెనీ డబ్బా లేకుండా ఒట్టి యాంటీ స్టాటిక్ కవర్లో వచ్చే డిస్క్‌లన్నీ ఇలాంటివే అనను గానీ, అలా వస్తే మాత్రం ఆ పేజీలో చూడనిదే సీలు చించకండి.

డిస్క్ ఎన్ని గంటలు నడిచిందో చూపించే లెక్క సున్నా ఉంటే చాలనుకునేవాణ్ని నేను. 2025 మొదట్లో జర్మనీలో జరిగింది చదివాక ఆ నమ్మకం కూడా పోయింది. అక్కడ కొత్తవని అమ్మిన సీగేట్ డిస్క్‌లు కొన్ని వేల గంటలు నడిచినవని తేలింది. వాటిలో స్మార్ట్ లెక్కల్ని, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే సి5, 05, నడిచిన గంటలు లాంటివాటిని, ఎవరో సున్నా చేశారు. ఆ కంపెనీ డిస్క్‌లలో విడిగా ఉండే ఫార్మ్ అనే ఇంకో లెక్క చూస్తే అసలు గంటలు బయటపడ్డాయి.

రెండోదాన్ని తీసుకోనన్నాను. "రీప్లేస్‌మెంట్ ఒకసారే సార్, పాలసీ" అన్నారు. అప్పుడు ఫోన్లు మానేసి మెయిల్ రాశాను. 2020 నాటి ఇ-కామర్స్ నియమాల ప్రకారం, లోపం ఉన్న సరుకును వెనక్కి తీసుకోనని గానీ, డబ్బు తిరిగి ఇవ్వనని గానీ అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈ రెండు వాక్యాలూ, మూడు స్క్రీన్‌షాట్లూ, లాంగ్ టెస్ట్ ఫలితం, స్క్రూ రంధ్రాల ఫొటో పెట్టి గ్రీవెన్స్ ఆఫీసర్‌కి పంపాను. అదే రోజు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వాళ్లు ఓపిగ్గానే విన్నారు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామనుకున్నాను, 5 లక్షల లోపు విలువకి అక్కడ ఫీజు కూడా లేదు. అంత దూరం పోలేదు. పంతొమ్మిదో రోజు తొమ్మిది వేల పైచిలుకు ఖాతాలో పడింది.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది చెప్పుకోవడానికి నాకే సిగ్గుగా ఉంది. ఆ డిస్క్‌లో నేను ఎక్కించింది పరాయివాళ్ల పెళ్లి. ఇంటి ఆడవాళ్ల హల్దీ ఫుటేజీ కూడా ఉంది. ఫార్మాట్ చేశాను కాబట్టి సరిపోయింది గానీ, డిస్క్ పూర్తిగా చచ్చి చెరపడానికే వీల్లేకపోతే? డబ్బులు వదులుకోవాలా, ఎవరి చేతికి పోతుందో తెలియని చోటికి జనం వీడియోలు పంపాలా? అందుకే ఇప్పుడు కొత్త డిస్క్ వస్తే మొదటి రోజు నుంచే పరీక్షకి పెడతాను: ముందు అంతటా రాయించడం, తర్వాత లాంగ్ టెస్ట్. రెండు రాత్రులు పోతాయి. అవి అయ్యేదాకా సొంత ఫైలు ఒక్కటీ ఎక్కించను. సెలవులో ఉన్నా, పెళ్లిళ్లలో ఉన్నా, పరీక్ష పెట్టే తీరిక లేని వారంలో ఆర్డరే పెట్టను.

అలాగని అయినదానికీ కానిదానికీ వాపస్ పెట్టకండి. 4 టీబీ కొంటే విండోస్‌లో 3.63 అని చూపిస్తుంది, అది మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతి వేరు. డిస్క్‌కీ కంప్యూటర్‌కీ మధ్య డేటా తప్పుగా చేరిన సార్లు లెక్కపెట్టే సి7 వరసలో అంకె పెరుగుతుంటే తప్పు ఎక్కువగా కేబుల్‌ది, సాటా కేబుల్ మార్చి చూడండి. లేకపోతే మారుడిస్క్‌కీ అదే జబ్బు వస్తుంది. నేనూ ముందు అదే చూశాను, నాకు సి7 సున్నాగానే ఉంది. బయట తగిలించే డిస్క్ టిక్కు టిక్కుమంటే ముందు యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి, కరెంటు చాలకపోయినా అలా చేస్తుంది. పెద్ద ఫైళ్లు రాసేటప్పుడు కాసేపయ్యాక వేగం బాగా పడిపోయి, ఎర్రర్లు మాత్రం ఏమీ లేకపోతే అది ఎస్‌ఎంఆర్ డిస్క్ అయి ఉండొచ్చు. లోపం కాదు, ట్రాక్‌లని ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చే రకం. నా పనికి మాత్రం పనికిరాదు, కొనేముందే చూసుకోవాలి.

స్మార్ట్ లెక్కలన్నీ సున్నా ఉంటే నిశ్చింత అనుకోవద్దు. ఆ గూగుల్ పరిశోధనలోనే, పాడైన డిస్క్‌లలో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు లెక్కల్లో ఏ ఒక్కటీ పెరగకుండానే పోయాయని ఉంది. నీలం ఉంటే బాగున్నట్టు కాదు, పసుపు వస్తే మాత్రం బాగా లేనట్టే.

ఆ డబ్బు వచ్చిన రెండో రోజు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, ఏడు వందలు ఎక్కువ పెట్టి, కంపెనీ డబ్బాలో ఉన్నదాన్ని, సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకుని తెచ్చుకున్నాను. షాపు ఆయన "ఇదంతా దేనికన్నా" అని నవ్వాడు గానీ రాసిచ్చాడు. ఇది రాస్తుంటే పక్కన దాని లాంగ్ టెస్ట్ నడుస్తోంది, ఇంకా 30 శాతం మిగిలి ఉంది. పెళ్లివాళ్ల మెమరీ కార్డులు ఇంకా బీరువాలోనే ఉన్నాయి, చెరపలేదు.