గ్రాండ్ మనాన్: ఆటుపోట్ల టైమ్ చూసుకుని తిరగాల్సిన దీవి

గ్రాండ్ మనాన్ వెళ్లాలనుకునేవాళ్లు హోటల్ కన్నా ముందు చూసుకోవాల్సింది ఆటుపోట్ల పట్టిక. కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ తీరానికి ఎదురుగా, ఫండీ అఖాతం మొదట్లో ఉన్న దీవి ఇది. పొడవు 24 కిలోమీటర్లు, జనాభా రెండున్నర వేల పైచిలుకు. ప్రపంచంలో అతి పెద్ద పోటు ఈ అఖాతంలోనే వస్తుంది. లోపలి కొసన 16 మీటర్ల దాకా లేస్తుంది. గ్రాండ్ మనాన్ దగ్గర అంత ఉండదు కానీ ఇరవై అడుగుల తేడా మామూలే. పొద్దున పడవలు తేలిన చోట మధ్యాహ్నానికి నాచు, బురద, రాళ్లు. ఏ బీచ్‌కి ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు వెనక్కి వచ్చేయాలో ఆ పట్టికే చెబుతుంది.

మేం టొరంటో నుంచి సెయింట్ జాన్‌కి విమానంలో వెళ్లి, అక్కడ కారు అద్దెకు తీసుకున్నాం. గంటలోపు డ్రైవ్ చేస్తే బ్లాక్స్ హార్బర్. డబ్బాల్లో వచ్చే సార్డీన్ చేపల ఫ్యాక్టరీ ఉన్న ఊరు కాబట్టి, రేవు దగ్గరపడిందని ముక్కే చెబుతుంది. అక్కణ్ణుంచి ఫెర్రీ గంటన్నర. ఇక్కడ ఏళ్ల తరబడి ఒక పద్ధతి ఉంది: రానుపోను చార్జీ మొత్తం దీవి నుంచి బయటికి వచ్చేటప్పుడే తీసుకుంటారు. జులైలో కార్ల లైన్ పెద్దది, రిజర్వేషన్ లేకుండా వెళ్తే తర్వాతి ఫెర్రీ దాకా కూర్చోవాల్సి రావచ్చు. ఎక్కాక లోపల సీట్లో కూర్చోకండి, చలేసినా పై డెక్ మీదే ఉండండి. మాకు పోర్పాయిస్‌లు (మన డాల్ఫిన్లకి పొట్టి చుట్టాలు) ఆ దారిలోనే కనిపించాయి.

బస విషయానికొస్తే, ఫెర్రీ దిగే నార్త్ హెడ్‌లో పాతకాలపు ఇన్‌లు, బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లు ఉన్నాయి. కారు లేకుండా వచ్చేవాళ్లకి అవే మేలు. దక్షిణాన ఆంకరేజ్ ప్రొవిన్షియల్ పార్క్‌లో టెంట్ వేసుకోవచ్చు. ఇసుక బీచ్ పక్కనే, ఖర్చు తక్కువ. కాకపోతే జులై అంటే పొగమంచు నెల. వెచ్చటి గాలి ఈ చల్లటి నీళ్ల మీదికి రాగానే తెల్లగా కమ్మేస్తుంది, టెంట్ రోజుల తరబడి ఆరదు. మాతో కాకినాడ నుంచి వచ్చిన అత్తయ్యగారు ఉన్నారు, పైగా ఆవిడ శాకాహారి. అందుకని వంటగది ఉన్న కాటేజీ తీసుకున్నాం. స్టవ్వూ గిన్నెలూ బాగున్నాయి, హీటర్ ఇంకా బాగుంది. 'సీ వ్యూ' అని అదనంగా తీసుకున్న డబ్బు మాత్రం సగం దండగ. పాటు వేళ, అంటే నీళ్లు వెనక్కి తీసినప్పుడు, కిటికీలోంచి కనిపించేదంతా బురదే. అయినా ఆ బురదలో తిరిగే కొంగల్ని చూస్తూ అత్తయ్యగారు గంటలు గడిపేశారు. ఆవిడ లెక్కలో పూర్తి డబ్బు గిట్టినట్టే.

చూడాల్సిన వాటిలో అందరూ మొదట చెప్పేది స్వాలోటెయిల్ లైట్‌హౌస్. 1860 నాటిది. మెట్లు దిగి, చెక్క వంతెన దాటి, గడ్డి కొండ మీదికి ఎక్కాలి. ఫొటోల్లో ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది, గంట చాలు. నాకు దానికన్నా అక్కడి నుంచి కిందికి కనిపించిన వియర్ నచ్చింది. సముద్రంలో పొడవాటి గుంజలు పాతి, వల చుట్టి, గుండె ఆకారంలో కట్టిన కంచె అది. ఒడ్డు వెంబడి వచ్చే హెర్రింగ్ చేపలు అడ్డు కంచె తగిలి లోతు వైపు తిరుగుతాయి, తిరిగి నేరుగా లోపలికి పోతాయి. ఇక అందులోనే చుట్టూ తిరుగుతుంటాయి. ఒక్కో వియర్‌కి ఒక్కో పేరు, పడవకి పెట్టినట్టు. ఒకప్పుడు దీవి చుట్టూ ఇవే ఉండేవట, ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. చేపల వెంట పోర్పాయిస్‌లు కూడా లోపల ఇరుక్కుంటాయి. వాటిని జాలర్లతో కలిసి బయటికి వదిలే పని నార్త్ హెడ్‌లోని తిమింగలాలు, సముద్రపక్షుల పరిశోధన కేంద్రం చాలా ఏళ్లు చేసింది. వాళ్ల చిన్న మ్యూజియం తప్పక చూడండి. మా పాప తిమింగలం ఎముకల దగ్గర్నుంచి ఒక పట్టాన కదల్లేదు.

నార్త్ హెడ్ నుంచి అడవి దారిలో నడిస్తే హోల్ ఇన్ ద వాల్, అంటే సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రాతి తోరణం. దారంతా వేళ్లు, రాళ్లు, మంచి బూట్లు కావాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సాహసించొద్దు. వేల్ కోవ్ అవతల 'సెవెన్ డేస్ వర్క్' అనే కొండ కనిపిస్తుంది. లావా పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయి కూడా ఇలా లావా గడ్డకట్టి ఏర్పడిందే, కానీ మన దక్కన్ లావా వయసు ఆరున్నర కోట్ల ఏళ్లు, దీనిది ఇరవై కోట్ల ఏళ్లు. దీవి పడమటి భాగమంతా ఈ రాయే, గోడ కట్టినట్టు నిటారుగా ఉంటుంది. ఊళ్లన్నీ తూర్పు వైపే. అటు పడవ కట్టుకోవడానికి రేవులున్నాయి మరి.

పడమటి గోడకి రోడ్డున్న గండి ఒక్కటే, డార్క్ హార్బర్. ఒక్క పూట మాత్రమే టైమ్ ఉంటే లైట్‌హౌస్ వదిలేసి ఇక్కడికే వెళ్లమంటాను. రోడ్డు చివర వాలు భయపెడుతుంది, పెద్ద వ్యాన్ అయితే పైనే ఆపి నడవండి. కింద గులకరాళ్లతో సముద్రమే కట్టుకున్న పొడవాటి కట్ట, దాని వెనక నిశ్చలంగా ఒక చెరువు, కరెంటు లేని చెక్క గుడిసెలు. పొద్దున కొండ నీడ ఎంతసేపటికీ తొలగదు, పేరు అందుకే వచ్చిందంటారు. ఈ నీడ పట్టునే డల్స్ బాగా పెరుగుతుంది. ముదురు ఎరుపు సముద్రపు నాచు, తినేది. పాటు బాగా తీసినప్పుడు చిన్న పడవల్లో వెళ్లి, రాళ్ల మీద వంగి చేత్తో పీకుతారు. నీళ్లు తిరిగొచ్చే లోపు పని అయిపోవాలి. తర్వాత రాళ్లు పరిచిన మైదానాల్లో ఎండబెడతారు. మంచి ఎండ ఉంటే ఒక్క పూటలో ఎండిపోతుంది, పొగమంచు పడితే ఆ రోజు కష్టం పోయినట్టే. వంగి పీకుతున్నవాళ్లని ఫొటో తీసే ముందు అడగండి. మాకు ఒకాయన పని ఆపకుండానే రెండు రేకులు చేతిలో పెట్టాడు. మొదటి నమలు పూర్తి ఉప్పు, రెండోది అయోడిన్, ఆ తర్వాత ఏదో బాగుంది అనిపిస్తుంది.

దక్షిణాన సీల్ కోవ్. 19వ శతాబ్దం చివర్లో పొగబెట్టిన హెర్రింగ్‌కి ప్రపంచంలోనే పెద్ద అడ్డా ఈ దీవి. ఆ షెడ్లు నీళ్లలో గుంజల మీద ఇంకా నిలబడి ఉన్నాయి, 1995లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. పొగ మానేసి చాలా ఏళ్లయినా చెక్కలో వాసన పోలేదు. అత్తయ్యగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని "ఉప్పాడ దారిలో వెళ్తున్నట్టే ఉంది బాబూ" అన్నారు. 2024 జనవరి తుఫానులో వీటిలో కొన్ని షెడ్లు కొట్టుకుపోయాయని చెబితే, "అక్కడా అంతేగా, ఏటా ఇళ్లు సముద్రంలో కలిసిపోతున్నాయి" అన్నారు. ఇంకొన్నేళ్లకి ఎన్ని మిగులుతాయో తెలియని చోటు కాబట్టి త్వరగా చూడటమే మంచిది. టికెట్ లేదు, గైడ్ లేడు, రేవు మీద నడవడమే. అక్కడే లాబ్‌స్టర్ బోనులు కొండల్లా పేర్చి ఉంటాయి. ఇక్కడ వేట నవంబర్‌లో మొదలై జూన్ ఆఖరుకి ముగుస్తుంది. వేసవిలో వచ్చి లాబ్‌స్టర్ పట్టడం చూద్దామనుకుంటే కుదరదు.

డబ్బు పెట్టి ఎక్కాల్సిన పడవలు రెండు రకాలు. ఒకటి మచియాస్ సీల్ ఐలాండ్‌కి, పఫిన్ పక్షుల కోసం. కెనడా, అమెరికా రెండూ తమదేనంటున్న బుల్లి దీవి అది. పట్టు వదలకూడదనే అక్కడి లైట్‌హౌస్‌లో కెనడా ఇప్పటికీ మనుషుల్ని కాపలా ఉంచుతోంది. దిగనిచ్చేది కొద్దిమందినే, సీట్లు నెలల ముందే అయిపోతాయి. అలలు ఎక్కువైతే దిగడమే ఉండదు. నాచు పట్టిన జారుడు రాళ్ల మీద అడుగు పెట్టాలి కాబట్టి అత్తయ్యగారూ పాపా ఇంట్లో ఉండిపోయారు. మా ఆవిడా నేనూ పక్షుల్ని చాటుగా చూసే ఒక చెక్క గూట్లో కూర్చున్నాం. చిన్న కిటికీ తెరిస్తే చేతికందే దూరంలో పఫిన్, ముక్కుకి అడ్డంగా అరడజను చిన్న చేపలు వేలాడేసుకుని. నెత్తి మీద రేకు పైన వాటి అడుగుల టపటపలు. ఖరీదే, కానీ ప్రతి డాలరుకీ న్యాయం జరిగింది.

రెండోది తిమింగలాల పడవ. పొగమంచులో రెండుసార్లు వాయిదా పడి, చివరికి వెళ్తే ఒక ఫిన్‌బ్యాక్ వీపు, దూరంగా ఒక మింకీ, అంతే. ప్రపంచంలో నాలుగు వందల లోపే మిగిలిన ఉత్తర అట్లాంటిక్ రైట్ వేల్స్ అనే తిమింగలాలు ఒకప్పుడు ఇక్కడికి గుంపులుగా వచ్చేవి. వాటికోసం 2003లో ఓడల దారినే పక్కకి జరిపారు. తర్వాత నీళ్లు వేడెక్కి, వాటి తిండి ఉత్తరానికి జరిగితే అవి కూడా సెయింట్ లారెన్స్ గల్ఫ్ వైపు ఎక్కువగా పోతున్నాయి. ఆగస్టులో వచ్చేవాళ్లకి తిమింగలాల అదృష్టం ఎక్కువంటారు, అప్పటికి పఫిన్లు వెళ్లిపోతుంటాయి. రెండూ కావాలంటే జులై చివరి రోజులే, ఒక్కటే చాలంటే నేను పఫిన్లకే ఓటేస్తాను.

దీవి దక్షిణ కొసన ఉన్న సౌత్‌వెస్ట్ హెడ్ దగ్గర కొండ అంచుకి రెయిలింగ్ లేదు, పిల్లల చెయ్యి వదలొద్దు. అక్కడా, డార్క్ హార్బర్‌లోనూ ఫోన్ అమెరికాలోని మెయిన్ రాష్ట్రం టవర్లని పట్టుకుంటుంది. రోమింగ్ బిల్లు సరే, అసలు టెన్షన్ గడియారంతో. ఫోన్లో టైమ్ గంట వెనక్కి పోతుంది. దాన్ని నమ్ముకుంటే ఫెర్రీ తప్పిపోతుంది. చేతి వాచీ పెట్టుకోండి. ఇంగల్స్ హెడ్ నుంచి వైట్ హెడ్ ఐలాండ్‌కి ఇంకో చిన్న ఫెర్రీ ఉచితంగా తీసుకెళ్తుంది. పొడవాటి ఖాళీ బీచ్‌లున్నాయి, రోజు మిగిలితే వెళ్లొచ్చు.

తిండి సంగతి. చేపలు తినేవాళ్లకి పండగే, స్కాలప్స్ వేయించి ఇచ్చే చిన్న కొట్లు బాగున్నాయి. శాకాహారులకి ఫ్రెంచ్ ఫ్రైస్, అంతకు మించి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. మేమున్న ఆదివారం చాలా కొట్లు తెరవనే లేదు. బియ్యం, పప్పు, చింతపండు, పచ్చళ్లు సెయింట్ జాన్‌లోనే కొనుక్కుని రండి. డల్స్ ప్యాకెట్లు మాత్రం ఇక్కడ అంతటా దొరుకుతాయి. వేడి నూనెలో ఒక్క క్షణం వేసి తీస్తే వడియాల్లా కరకరలాడతాయి. ముందు రోజు దాకా వాసన కూడా చూడనన్న అత్తయ్యగారు "సముద్రంలో మొలిస్తే మాత్రం, ఆకే కదా" అంటూ పెరుగన్నంలో నంజుకున్నారు. కాకినాడకి నాలుగు ప్యాకెట్లు కట్టించుకున్నారు కూడా.